శుభం కార్డు పడ్డాక

(పరిగిలో చేసిన స్మారక ఉపన్యాసం)



మా అమ్మ డేరా టాకీసులో ముప్పై నలభై సినిమాలు చూసి ఉంటుంది. ఒక్కదానికి కూడా చివర ఏమైందో ఆమె తన కళ్లతో చూడలేదు.

మాది తాండూరు దిక్కు ఊరు. నా చిన్నప్పుడు ఏడాదికోసారి డేరా టాకీసు వచ్చేది. డేరా మధ్యలో తడక అడ్డం. ఒక దిక్కు మగవాళ్లు, ఒక దిక్కు ఆడవాళ్లు. రెండో ఆటకు ఆడవాళ్లు పోయే మాటే లేదు, మొదటి ఆటే. ఆట విడిచేటప్పుడు మగవాళ్ల గుంపులో పడకుండా బయటపడాలన్నది ఒక భయం. నాయన ఇంటికి వచ్చేసరికి పెనం మీద జొన్నరొట్టె కాలుతుండాలన్నది ఇంకో భయం. అందుకని ఆఖరి రీలు మొదలైందో లేదో, ఆడవాళ్లంతా పిల్లలను చంకనేసుకొని లేచేవాళ్లు. తెర మీద సావిత్రి ఇంకా ఏడుస్తూనే ఉండేది. మిగతా కథ పొద్దున మా మేనమామ చెప్పేవాడు. ఆయన చెప్పే ముగింపులన్నీ ఒక్క తీరుగానే ఉండేవి: మొగుడు తప్పు తెలుసుకున్నాడు, ఆమె ఆయన కాళ్లకు మొక్కింది, శుభం. ఆ సినిమాలు నిజంగా అట్లనే అయిపోయాయా, మా మామ అట్ల అయిపోగొట్టాడా అన్న అనుమానం నాకు ఇప్పటికీ తీరలేదు.

ఈ సభ ఎవరి జ్ఞాపకంగా పెట్టుకున్నామో ఆ టీచరమ్మ పేరు ఆహ్వాన పత్రం మీద ఉంది. మైకులో తన పేరు వినబడితే తల దించుకొని చీర కొంగు సర్దుకునే మనిషి ఆమె. కాబట్టి నేను టీచరమ్మ అనే అంటాను. ఆడవాళ్లు సినిమా అయిపోకముందే లేచి వెళ్లడాన్ని ఊళ్లో అందరూ చూశారు. అదొక సంగతి అని పట్టించుకున్నది మాత్రం ఆమె ఒక్కతే. మండలాఫీసుల చుట్టూ తిరిగి, సమాచార శాఖ జీపును బడి దగ్గరికి రప్పించేది. జీపులో పదహారు ఎం.ఎం. ప్రొజెక్టరు, నాలుగు డబ్బాల రీళ్లు, చెవులు చిల్లులు పడేట్టు మోగే జనరేటరు. బడి గోడకు దుప్పటి కట్టేవాళ్లు. టీచరమ్మవి రెండే షరతులు. రొట్టెలు చేయడం, గిన్నెలు తోముకోవడం అయ్యాకనే, అంటే ఎనిమిదిన్నర దాటాకనే బొమ్మ పడాలి. బొమ్మ అయిపోయాక లైట్లు వేస్తారు, అప్పుడు ఎవరూ లేవొద్దు. కూర్చోబెట్టడానికి ఆమె దగ్గర ఉన్న ఆయుధం ఒక గంపెడు మురుమురాలు.

అట్లా కూర్చున్న ఒక రాత్రి కుటుంబ నియంత్రణ సినిమా వేశారు. మేమిద్దరం, మాకిద్దరు అనే కాలం. లైట్లు వెలిగాక ఒక ముసలమ్మ లేచి జీపు వెంట వచ్చిన సారును అడిగింది: "సారూ, ఆపరేషన్ల బొమ్మల అందరు ఆడోళ్లే ఉన్నరు. మొగోళ్ల రీలు తెగిపోయిందా?" బడి ఆవరణంతా నవ్వింది. సారు కూడా నవ్వాడు, జవాబు మాత్రం చెప్పలేదు. చెప్పడానికి ఆయన దగ్గర రీలు లేదు.

ఆ ముసలమ్మ అడిగిన ప్రశ్న మీదనే దర్శకురాలు దీపా ధన్‌రాజ్ 1991లో ఒక పూర్తి డాక్యుమెంటరీ తీసింది. పేరు 'సమ్‌థింగ్ లైక్ ఎ వార్'. జనాభా తగ్గించే పేరుతో ఆడవాళ్ల ఒంటి మీద సర్కారు ఎట్లాంటి యుద్ధం చేసిందో అందులో చూపించింది. ఆ సినిమా పాతబడిపోయింది అనుకునేవాళ్లు ఇబ్రహీంపట్నాన్ని గుర్తు తెచ్చుకోండి. మన పాత రంగారెడ్డి జిల్లానే. 2022 ఆగస్టు 25న ఒక్క రోజు క్యాంపులో 34 మంది ఆడవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. అందులో నలుగురు చనిపోయారు. మొగోళ్ల రీలు ఇంకా దొరకలేదు.

కార్యక్రమ పత్రంలో నా అంశం "సినిమా ప్రదర్శనల ద్వారా మహిళా హక్కుల వేడుక" అని వేశారు. వేడుక అన్న మాట మీద నాకు కొంచెం పేచీ ఉంది. అది తర్వాత చెప్తాను. ముందు హైదరాబాద్‌లో పుట్టిన ఒక చిన్న సినిమా గురించి చెప్పాలి.

1980లో దీపా ధన్‌రాజ్, అభా భయ్యా, మీరా రావు, కెమెరామన్ నవరోజ్ కాంట్రాక్టర్ కలిసి యుగాంతర్ అనే బృందం పెట్టారు. పుణెలో ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లతో ఒక సినిమా, నిపానిలో పొగాకు కార్మికురాళ్లతో ఇంకొకటి తీశారు. నిపాని పక్కనున్న కర్ణాటకలోనే ఉంది. తర్వాత 1983లో హైదరాబాద్‌కు వచ్చి ఇక్కడి ఆడవాళ్ల సంఘమైన స్త్రీ శక్తి సంఘటనతో కలిసి తెలుగులో తీసిన సినిమా 'ఇది కథ మాత్రమేనా'. అరగంట కూడా ఉండదు. నలుపు తెలుపు. హీరో లేడు, విలన్ కూడా పెద్ద మీసాలవాడేం కాదు. మామూలు మధ్యతరగతి ఇల్లు, పెళ్లయి వచ్చిన ఒక ఆడది, నాలుగు గోడల మధ్య రోజురోజుకూ ఆమె మనసు ఇరుక్కుపోవడం, ఇంకో ఆడదాని స్నేహం. అంతే. తలుపు వేసుకొని జరిగే హింస గురించి సంఘటనలోని ఆడవాళ్లు కూర్చొని మాట్లాడుకున్న మాటల్లోంచే ఆ కథ పుట్టింది. నటించినవాళ్లూ ఆ దారిలో నడిచినవాళ్లే.

సినిమా పేరు చివర ప్రశ్న ఉంది చూడండి. టీచరమ్మ లైట్లు వేయించినట్టే ఉంటుంది ఆ పేరు. కథ అయిపోయింది, ఇప్పుడు చెప్పు, ఇది కథ మాత్రమేనా? అదే 1983 డిసెంబర్ 25న శిక్షాస్మృతిలో 498ఎ సెక్షన్ అమల్లోకి వచ్చింది. ఇంట్లో పెట్టే బాధను నేరమని ఈ దేశపు చట్టం మొదటిసారి ఒప్పుకున్నది అప్పుడే. ఆ సినిమా వల్ల చట్టం వచ్చిందని నేను అనడం లేదు. దేశమంతా ఆడవాళ్లు ఏళ్ల తరబడి రోడ్ల మీదికి వస్తే చట్టం వచ్చింది. ఆ రోడ్ల మీద ఉన్నవాళ్లే ఈ సినిమా తీశారు, వాళ్లే మోసుకొని తిరిగి చూపించారు. మన తెలుగు సినిమా చరిత్రలు భానుమతి 1953లో 'చండీరాణి'కి దర్శకత్వం చేసిందని రాస్తాయి, విజయనిర్మల గిన్నిస్ రికార్డు గురించి రాస్తాయి. రాయాల్సిందే. ఈ అరగంట సినిమా గురించి మాత్రం వాటిలో ఒక్క వాక్యం దొరకడం కష్టం.

ఇప్పుడు మన పక్కూరి సంగతికి వస్తాను. ఈ ఉపన్యాసానికి నేను ఒప్పుకున్నదే ఇది చెప్పడానికి.

తాండూరు నుంచి ఉత్తరం దిక్కు పోతే జహీరాబాద్. అవే జొన్నలు, కందులు, అదే యాస. అక్కడి పస్తాపూర్‌లో 1983 నుంచి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పనిచేస్తోంది. దాన్ని మొదలుపెట్టినవాళ్లలో ముఖ్యుడు పి.వి. సతీష్. 2023 మార్చి 19న పోయాడు. సొసైటీ పెట్టక ముందు ఆయన దూరదర్శన్ మనిషి. ఉపగ్రహం నుంచి పల్లెలకు టీవీ అందించిన 1975 నాటి సైట్ ప్రయోగంలో పనిచేశాడు. మన రాష్ట్రంతో కలిపి 6 రాష్ట్రాల్లో 2,400 ఊళ్లకు అప్పుడు టీవీ పెట్టెలు వచ్చాయి. ఊరంతా పెట్టె చుట్టూ కూర్చొని చూసింది. పెట్టె మాట్లాడింది, ఊరు విన్నది. ఊరు మాట్లాడితే వినే ఏర్పాటు ఆ పెట్టెలో లేదు. ఆయన పస్తాపూర్‌లో చేసిన పని దాన్ని తిరగేయడమే. చాలామంది బడి మెట్టు ఎక్కని దళిత ఆడవాళ్ల చేతికి వీడియో కెమెరా ఇచ్చాడు. 2001లో వాళ్లదే అయిన కమ్యూనిటీ మీడియా ట్రస్టు ఏర్పడింది.

కెమెరా నేర్పేటప్పుడు లో యాంగిల్, హై యాంగిల్ అని ఇంగ్లిష్ మాటలు చెప్తారు కదా. ఆ ఆడవాళ్లు వాటికి తమ పేర్లు పెట్టుకున్నారు. కెమెరాను కింద పెట్టి పైకి చూస్తే ఎదుటి మనిషి అరుగు మీద కూర్చున్నవాడిలా పెద్దగా కనబడతాడు.  కెమెరాను పైన పెట్టి కిందికి చూస్తే మనిషి నేల మీద కుదించుకొని కూర్చున్నట్టు కనబడతాడు. ఈ ఎత్తు తేడాకు వాళ్లు పెట్టిన పేర్లు పటేల్ షాట్, బానిస షాట్. కళ్లకు కళ్లు సమానంగా పెట్టి తీస్తే అది సంఘం షాట్, ఎందుకంటే ఊరి ఆడవాళ్ల సంఘంలో అందరూ చాప మీద ఒక్క ఎత్తులో కూర్చుంటారు. మా సినిమాలు సంఘం షాట్‌లోనే తీస్తామని వాళ్లు నిర్ణయించుకున్నారు.

ఫిల్మ్ స్కూళ్లలో ఏళ్ల తరబడి చెప్పే పాఠం ఇది. ఆ ఆడవాళ్లకు అర్థం కావడానికి ఏళ్లు పట్టలేదు. ఎందుకంటే పటేల్ అరుగు ఎంత ఎత్తులో ఉంటుందో వాళ్ల మెడ నరాలకు తెలుసు. ఈ మాట విన్నప్పటి నుంచి ఏ సినిమా చూసినా నాకు కెమెరా ఎత్తే కనబడుతోంది. బి. నర్సింగరావు 'దాసి' (1988) మళ్లీ చూశాను. ఐదు జాతీయ అవార్డులు వచ్చిన సినిమా, అర్చనకు ఉత్తమ నటి. గడీలో తలెత్తని ఆడదాని కథ. చూస్తున్నంత సేపూ మనం దొర పక్కన కాదు, ఆమె పక్కన ఉంటాం. మన పెద్ద సినిమాల్లో హీరో బూటు దగ్గర్నుంచి కెమెరా పైకి పాకడం, హీరోయిన్ ఒంటి మీద కిందికి జారడం చూస్తే, పస్తాపూర్ అక్కలు ఆ షాట్‌లకు ఏం పేరు పెడతారో అడగాలనిపిస్తుంది. తెర వెనక సంగతి వేరే ఉంది. సినిమాల్లో పనిచేసే ఆడవాళ్ల కష్టాల మీద వేసిన హేమ కమిటీ నివేదిక కేరళలో 2024 ఆగస్టులో బయటికి వచ్చాక, మన పరిశ్రమ మీద వేసిన ఉపసంఘం నివేదికను కూడా బయటపెట్టండని ఇక్కడి నటీమణులు అడగాల్సి వచ్చింది.

పస్తాపూర్ ఆడవాళ్లు తీసినవి ఏవో ముచ్చట కోసం తీసిన బొమ్మలు కావు. 2002లో ఈ దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. ఆ పంట కాలమంతా వాళ్లు కెమెరా పట్టుకొని వరంగల్ జిల్లాకు పోయి, వేసిన రైతులనే మళ్లీ మళ్లీ కలిసి, విత్తనం నాటినప్పటి ఆశ దగ్గర్నుంచి పత్తి ఏరినప్పటి లెక్క దాకా తీశారు. బీటీ పత్తి మీద వరంగల్ రైతుకు కోపం ఎందుకన్న ఆ సినిమా 2003లో వచ్చి దేశాలు తిరిగింది. హుమ్నాపూర్ లక్ష్మమ్మ లాంటివాళ్లు దాని వెంట పోయి మాట్లాడారు. 2008 అక్టోబర్ 15న మాచ్నూరులో సంఘం రేడియో మొదలైంది. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో తీర్పు చెప్పిన జస్టిస్ పి.బి. సావంత్ వచ్చి ప్రారంభించాడు. నడిపింది జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ. ఏటా సంక్రాంతి నుంచి ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టుకొని ఊరూరా తిరిగే పాత పంటల జాతరను మీలో కొందరు చూసే ఉంటారు.

ఇదంతా వింటే కెమెరా ఇస్తే చాలు, తెర కడితే చాలు అనిపిస్తుంది. నేను ఒప్పుకోను. పస్తాపూర్‌లో కెమెరా రావడానికి ఎన్నో ఏళ్ల ముందే సంఘాలు వచ్చాయి. పొదుపుతో, పడావు భూమిని కౌలుకు తీసుకొని సాగు చేయడంతో, విత్తనం దాచడంతో ఆ ఆడవాళ్లు ముందే ఒక్కటయ్యారు. అప్పటికే వాళ్ల దగ్గర చెప్పాల్సిన మాట ఉంది, వినే మనుషులున్నారు. కెమెరా ఆ మాటకు గొంతు పెంచింది. అట్లాగే 'ఇది కథ మాత్రమేనా' వెనక స్త్రీ శక్తి సంఘటన ఉంది.

ఇంకో రుజువు చెప్తాను, అది సినిమా కూడా కాదు. నెల్లూరు జిల్లా దూబగుంట. అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడికి వచ్చే ఆడవాళ్లు చదువుకున్న పాఠంలో సీతమ్మ కథ అని ఒకటి ఉంది. సారా వల్ల ఆమె ఇల్లు ఎట్లా కూలిందో ఆ కథ. ఇంట్లో ఒంటరిగా చదివితే ఎవరి ఏడుపు వాళ్లు ఏడ్చి పుస్తకం మూసేవాళ్లు. లాంతరు చుట్టూ అందరూ కలిసి చదివారు కాబట్టి, మన ఊళ్లో సారా దుకాణం ఎందుకుండాలన్న మాట పుట్టింది. వర్ధినేని రోశమ్మ పేరు అట్లా రాష్ట్రమంతా తెలిసింది. 1992లో సారా వేలం పాటలు జరగనియ్యలేదు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా బంద్ అయింది. తర్వాత ఏ ప్రభుత్వం ఎంత మద్యం పోయించిందో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. అయినా ఒక పాఠం చదివి ఆడవాళ్లు ఒక సర్కారు రాబడిని ఆపిన మాట అబద్ధం కాదు.

ఇక వేడుక అన్న మాట మీద నా పేచీ.

మార్చి 8 అంటే మన దగ్గర ఏం జరుగుతుందో నాకంటే మీకే బాగా తెలుసు. షామియానా, ముగ్గుల పోటీ, మ్యూజికల్ చైర్స్, శాలువాలు. ముందు వరుసలో సోఫాలు, వాటి మీద మగ అధికారులు. మధ్యలో ఒక సినిమా, అది కూడా పొద్దున పదకొండు గంటలకు. ఆ టైముకు తాండూరులో నాపరాయి పాలిష్ యూనిట్లలో పనిచేసే ఆడవాళ్లు ఎక్కడుంటారు? ఉపాధి పనికి పోయినవాళ్లు ఎక్కడుంటారు? ఓటు కోసం, పని గంటల కోసం కొట్లాడిన ఆడవాళ్ల వల్ల వచ్చిన రోజు అది. దాన్ని మనం పని గంటల్లోనే జరుపుతాం, పనిచేసేవాళ్లు రాకుండా. కొన్నేళ్ల కింద అట్లాంటి ఒక సభలో నేనే అతిథిని. సినిమా ఇంకా పది నిమిషాలు ఉందనగా ముఖ్య అతిథికి వేరే ప్రోగ్రాం ఉందని ఆపేశారు. వందన సమర్పణ చేశారు. నాకు మా అమ్మ యాదికొచ్చింది. తడక తీసేశారు గానీ ఆఖరి రీలు మాత్రం ఇంకా దక్కలేదు. ఆ రోజు నేను లేచి అడగలేదు. ఆ తప్పు నాది.

ముందు సోఫా వేసి వెనక చాప పరిస్తే, తెర మీద ఎంత గొప్ప సినిమా పడినా అది పటేల్ షాటే.

భాష గురించి కూడా ఒక మాట. మన వికారాబాద్ జిల్లాలో తెలుగు ఒక్కటే లేదు. తాండూరు బజారులో ఉర్దూ, కన్నడం రెండూ వినబడతాయి. తండాల్లో లంబాడీ మాట్లాడతారు. తండాల్లో ఆడపిల్లల అమ్మకం మీద కె.ఎన్.టి. శాస్త్రి 2006లో 'కమ్లి' తీశాడు, నందితా దాస్ నటించింది, జాతీయ అవార్డు వచ్చింది. మంచి సినిమా. దాన్ని తండాలో చూపించి, అయ్యాక లంబాడీలో మాట్లాడనిస్తేనే అది ఏ మేరకు నిజమో, ఎక్కడ బయటివాళ్ల చూపో తేలుతుంది. 2024 నవంబర్‌లో మన జిల్లా లగచర్లలో భూముల గొడవ జరిగినప్పుడు రోటిబండ తండా ఆడవాళ్లు ఢిల్లీ దాకా పోయి కమిషన్ల ముందు మాట్లాడారు. నేను ఫోన్‌లో చూసిన క్లిప్పుల్లో ఎక్కువ వాళ్లు ఏడ్చినవే. ఎకరాల లెక్క, పంట లెక్క చెప్పినవి వెతికితే దొరికాయి. రెండూ వాళ్లవే. ఏది చూపించాలో నిర్ణయించింది మాత్రం వాళ్లు కాదు.

సినిమా అయ్యాక ఏం మాట్లాడాలి అని మన పిల్లలు అడుగుతారు. మన దగ్గర మాట్లాడాల్సిన మొదటి సంగతి బిడ్డకు భాగం. పూర్వీకుల ఆస్తిలో కొడుకుతో సమానంగా బిడ్డకు హక్కు ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో చట్టం చేసి, 1985 సెప్టెంబర్ 5 నుంచి వర్తింపజేసింది. దేశంలో చాలా రాష్ట్రాల కంటే ముందు. కానీ అప్పటికే పెళ్లయినవాళ్లను వదిలేసింది. 2005 సెప్టెంబర్ 9 నాటి కేంద్ర సవరణ ఆ తేడా తీసేసింది. ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉండాలన్న నిబంధన లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తేల్చింది. చట్టం ఇంత స్పష్టంగా ఉంది. మరి మన దగ్గర ఎకరం ధర లక్షలు దాటి కోట్లకు పోయినప్పటి నుంచి ఏం జరుగుతోంది? అక్కకు ఒడిబియ్యం పోస్తారు, చీర పెడతారు, అదే రోజు సాయంత్రం హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టించుకుంటారు. ఒడి నిండింది, పాసుబుక్కులో పేరు పోయింది. దీని మీద మన భాషలో, మన యాసలో ఒక అరగంట సినిమా ఎందుకు లేదు? పరిగి డిగ్రీ పిల్లలందరి చేతుల్లో పస్తాపూర్ అక్కలు వాడిన కెమెరాల కంటే మంచి కెమెరాలు ఉన్నాయి. తీయండి. మీ ఇంట్లోనే మొదలుపెట్టండి. మీ మేనత్తను అడగండి, సంతకం ఎప్పుడు పెట్టావని. కెమెరాను ఆమె కళ్ల ఎత్తులో పెట్టి అడగండి.

టీచరమ్మ పోయిన తర్వాత ఆమె బీరువాలో ఒక నోటుబుక్కు దొరికింది. ఏ రాత్రి ఏ రీలు వేశారో ఆమె రాసుకోలేదు. లైట్లు వేశాక ఎవరు లేచి ఏమడిగారో రాసుకుంది. మొగోళ్ల రీలు ప్రశ్న అందులో ఉంది. మా అమ్మ ప్రశ్న కూడా ఒకటుంది. అమ్మ సభలో నోరు విప్పిందని నాకు అప్పటి దాకా తెలియదు. ఆమె అడిగింది ఇంతే: "రేపు గూడ ఇదే బొమ్మ ఏస్తరా? మొదటి సగం మా చెల్లె చూడలే."

ఈ శనివారం ఇదే బడి ఆవరణలో తెర కడుతున్నాం. రాత్రి ఎనిమిదిన్నరకు. కుర్చీలు లేవు, సర్పంచ్ వచ్చినా కలెక్టర్ వచ్చినా చాపే. చాపలు మీ ఇంటి నుంచి తెచ్చుకోండి. మగవాళ్లు రావచ్చు, రొట్టెలు చేసి రండి. మురుమురాలు మేం పెడతాం. శుభం కార్డు పడ్డాక లైట్లు వేస్తాం. అప్పుడు ఎవరూ లేవొద్దు.